వీపున సూర్యుడు

ఆరుబయట కుక్కను ఫొటో తీయబూనినవారికి మన ఫొటోగ్రఫీ సంఘములలోని పెద్దలును, పాత స్టూడియోల యజమానులును, చేతిపుస్తకముల కర్తలును ఏకకంఠముగా ఒక ఉపదేశము చేయుచుందురు. మంచి యెండ చూచుకొని, సూర్యుని వీపున నిలుపుకొని, కుక్కను ఎదుట నిలువబెట్టి, 25 గాని 50 గాని, తప్పనిచో 100 గాని వేగముగల స్లో ఫిలిమును కెమెరాలో నెక్కించి తీయుమనుట ఆ యుపదేశమునకు సారము. ఎండ యెంత నిండుగా నున్న బొమ్మ యంత తేటగా వచ్చుననియు, ఫిలిం వేగమెంత తగ్గిన గ్రెయిను అంత సన్నబడుననియు, కావున కుక్క యొంటిమీది ప్రతి వెండ్రుకయు లెక్కింప వీలగుననియు వారు హేతువులు చూపుదురు. ఈ మాట ఇంతకాలముగా ఇందరి నోట వినబడుటచేత సిద్ధాంతమునకు దక్కు గౌరవము దీనికి దక్కినది. సిద్ధాంతమునకు జరుగవలసిన పరీక్ష మాత్రము జరుగలేదు.

విడివిడిగా చూచినచో ఇందలి రెండు భాగములును తప్పని తోపవు. స్లో ఫిలిమున గ్రెయిను సన్ననిదనుట నిజము; వెలుగు హెచ్చినకొలది ఎక్స్‌పోజరునకు సౌకర్యము హెచ్చుననుటయు నిజమే. అయినను ఆ రెండును జతగూడి కుక్క విషయమున పనియంతటిని తలక్రిందులు చేయుచున్నవి. మొదట ఫిలిం నిర్ణయమగును. ఆ ఫిలిమునకు చాలినంత వెలుగుకొరకు మిట్టయెండ కావలసివచ్చును. ఆ యెండలోనికి కుక్క ఈడ్వబడును. కుక్కకు హితమైన వెలుగును ముందుగా నెన్నుకొని, ఆ వెలుగునకు చాలిన ఫిలిమును పిమ్మట నెన్నుకొనుటయే యుక్తమైన వరుస యనియు, ఆ వరుసలో నడచినవాడు చాల సందర్భములలో గోడనీడకును 400 వేగపు ఫిలిమునకును వచ్చి చేరుననియు నా వాదము.

ఈ యుపదేశము ఎచ్చట పుట్టినదో విచారించినచో దాని బలాబలములు తేటపడును. 1900వ సంవత్సరమున ఈస్ట్‌మన్ కోడక్ కంపెనీవారు ఒక డాలరు వెలకు బ్రౌనీ యను పెట్టెకెమెరాను అంగళ్లలోనికి తెచ్చిరి. దానికి ఒంటియద్దపు లెన్సు. మార్చుటకు వీలులేని అపెర్చర్. చేతబట్టి తీయునప్పుడు షట్టరునకు ఒకే వేగము. అందు వేయు ఫిలిమో, నేటి కొలతలతో చూచిన మిక్కిలి మందవేగము కలది. అట్టి పనిముట్టుతో బాలురును గృహిణులును బొమ్మలు తీయవలెనన్న, ఎండ నిండుగా వస్తువుమీద పడనిదే గతి లేదు; లెన్సులోనికి ఎండ సూటిగా దూరెనా బొమ్మ మసకబారక తప్పదు. కావున సూర్యుని వీపున నిలుపుకొనుమని చెప్పవలసివచ్చినది. అది ఆ పెట్టె యశక్తతకు చేసిన వైద్యము. పెట్టె పోయినది, అపెర్చరును షట్టరును వ్రేళ్లతో త్రిప్పుకొను కెమెరాలు వచ్చినవి, లెన్సులకు ప్రతిఫలనమును అణచు పూతలు వచ్చినవి, వైద్యము మాత్రము ఇంకను సాగుచునే యున్నది.

మరియొక విషయము. ఆ కంపెనీ నెలకొన్న అమెరికాలోని రోచెస్టరు నగరము భూమధ్యరేఖకు ఉత్తరమున 43 డిగ్రీల మీద నున్నది. అచ్చట నడివేసవి మధ్యాహ్నమున సైతము సూర్యుడు 70 డిగ్రీల యెత్తుచెంతనే నిలిచిపోవును. మార్చి, సెప్టెంబరు నెలల విషువదినములలో 47 డిగ్రీలచెంతకు, డిసెంబరున 23 డిగ్రీలచెంతకు దిగును. అట్టి ఆకాశము క్రింద వీపున సూర్యుడనుమాటకు అర్థము కలదు. హైదరాబాదు, విశాఖపట్టణములు 17, 18 డిగ్రీల నడుమ నున్నవి. మే నెల రెండవ వారమునను, తిరిగి ఆగస్టు తొలిదినములలోను మనకు మధ్యాహ్నసూర్యుడు సరిగా నడినెత్తిమీదికి వచ్చును. ఆ వేళ సూర్యుని వీపున నిలుపుకొనవలెనన్న ఫొటోగ్రాఫరు బోరగిల పడుకొనవలెను! వేరొక దేశపు సూర్యునికొరకు చెప్పిన మాటను మన సూర్యునికి అంటగట్టి, బొమ్మ చెడినప్పుడు తప్పు కుక్కమీద మోపుట మనకు పరిపాటియైనది.

కుక్క మొగము మనుష్యుని మొగమువలె చదునైనది కాదు. ముందునకు సాగిన మూతి, దాని మొదట లోతుగా కుదిరిన కన్నులు, వానిపైన కనుబొమల గట్టు, ఇరుప్రక్కల మడతలుపడు చెవులు. మీదినుండి పడు ఎండ నుదుటిని, మూతివెన్నును తెల్లగా తేల్చి, కన్నులుండవలసిన చోట రెండు నల్లని గుంటలను మిగుల్చును. కంటిలో మెరపుచుక్క లేని కుక్క, ఎంత మేలుజాతిదైనను, బొమ్మలో పొట్టు కూరి నిలిపిన జంతువువలె నుండును. పోనీ, సూర్యుడు వాలియున్న ఉదయవేళ వీపున నిలుపుకొందమన్న, తీయువానివైపు చూచు కుక్క సూర్యునివైపే చూడవలసి యుండును గదా! అది కన్నులు చికిలించును. మొగము ప్రక్కకు త్రిప్పును. చెవులు వెనుకకు వాల్చును. యజమాని దానిని పేరుపెట్టి పిలిచినకొలది దాని యిబ్బంది ఫిలిమునకెక్కును.

అంతకుమించి, కుక్క మనవలె ఒడలెల్ల చెమర్చి చల్లబడు జంతువు కాదు. రొప్పుటయే దానికి ప్రధానసాధనము. ఎండలో కొంతసేపు నిలిపినంతనే నోరు తెరచి, నాలుక పొడుగున వ్రేలవేయును. ఆ రొప్పును నవ్వుగా భావించి మురియు యజమానులు అనేకులు. వేసవిలో తారురోడ్డును సిమెంటునేలయు దాని యరికాళ్లను కాల్చునంతగా వేడెక్కును. తాను చెప్పులు తొడుగుకొని, నెత్తికి టోపీ పెట్టుకొని, కుక్కను ఆ నేలమీద నిలబెట్టి సన్నని గ్రెయినుకొరకు ఆరాటపడువాని రసికతను గూర్చి నేను వేరుగా వ్రాయనక్కరలేదు.

ఇక లెక్కకు వత్తము. పూర్వపక్షము నిజముగా కూలునది ఇచ్చటనే. నిండుటెండలో ఎఫ్ 16 అపెర్చరు పెట్టినచో, ఫిలిం వేగమెంతయో సెకండులో అన్నవ వంతు షట్టరు వేగము సరిపోవునను సూత్రము ఫొటోగ్రాఫర్లందరును ఎరిగినదే. 50 వేగపు ఫిలిమునకు ఎఫ్ 16 వద్ద సెకండులో 50వ వంతు. దానినే ఎఫ్ 5.6కు తెరచినచో 400వ వంతు. మీద ఆకాశము తెరపియై, ఎండ సూటిగా తగులని నీడలో వెలుగు నిండుటెండకన్న మూడు స్టాపులు, అనగా ఎనిమిదవ వంతునకు, తగ్గును. 50నుండి 400కు ఫిలిం వేగ మెనిమిది రెట్లు. అనగా ఎండలో 50 ఫిలిం ఇచ్చు షట్టరు వేగమును, అపెర్చరును, నీడలో 400 ఫిలిం ఉన్నదున్నట్లు ఇచ్చుచున్నది! కుక్కను నీడకు తెచ్చినందులకు కెమెరా చెల్లించు సుంకమేమియు లేదు. గ్రెయిను విషయమున కొంత చెల్లింపు కలదు, దాని విలువ యెంతయో మున్ముందు చూతము.

స్లో ఫిలిమునే పట్టుకొని నీడకు వచ్చినవాని గతి యేమి? ఎఫ్ 5.6 వద్ద వానికి దక్కునది సెకండులో 50వ వంతు. గంటకు 30 కిలోమీటర్ల వేగమున పరుగెత్తు సామాన్యపు కుక్క ఆ కాలములో సుమారు 17 సెంటీమీటర్లు జరుగును. 400వ వంతులోనైన రెండు సెంటీమీటర్లు. పరుగును మాని కూర్చున్న కుక్కయైనను తల తిప్పుట, చెవి విదల్చుట, ఈగను నోటబట్టబోవుట మానదు. షట్టరు వేగము పెంచుటకై ఎఫ్ 2.8కు తెరచినచో, 135 మిల్లీమీటర్ల లెన్సుతో మూడు మీటర్ల దూరమున ఫోకసు నిలుచు లోతు సుమారు ఎనిమిది సెంటీమీటర్లు మాత్రమే. కన్ను స్పష్టమైన ముక్కు మసక, ముక్కు స్పష్టమైన కన్ను మసక. ఎఫ్ 5.6 వద్ద ఆ లోతు రెట్టింపగును. పొడుగుమూతి కుక్కలను తీయువానికి ఆ రెట్టింపే ప్రాణము.

గ్రెయిను భయమునకు ఒక చరిత్ర కలదు. 1935లో సినిమా ఫిలిముగా వెలువడి, మరుసటి యేట 35 మిల్లీమీటర్ల కెమెరాలకు అందిన కోడాక్రోము రంగుల స్లైడుఫిలిం తొలిదినములలో 10చెంత వేగముకలది. 1961లో వచ్చిన రూపమునకు 25, 1974లో వచ్చినదానికి 64. దాని రంగుల గాంభీర్యమును, గ్రెయిను సున్నితత్వమును చూచిన తరములు స్లో ఫిలిమే ఉత్తమమని నమ్మినందులకు వారిని తప్పుపట్టజాలము. పర్వతములకు, దేవాలయ శిల్పములకు, పత్రికల ముఖచిత్రములకు అది తగినదే. ఆ ఫిలిమును కడుగు చిట్టచివరి ల్యాబు 2010 డిసెంబరు తుదిని రీళ్లను స్వీకరించుట మానుకొన్నది. పర్వతములకొరకు చెప్పిన నియమమును కుక్కలకు వర్తింపజేయు అలవాటు మాత్రము మానలేదు. 1954లో 35 మిల్లీమీటర్ల రూపమున ట్రై-ఎక్స్ యను వేగపు ఫిలిం వచ్చినప్పుడే వేరు దారి తెరువబడినది. ఇల్‌ఫోర్డువారి హెచ్‌పీ5, రంగులలో పోర్ట్రా 400 ఆ దారివే.

గ్రెయిను ఎచ్చట కంటికి గ్రుచ్చుకొనును? ఆకాశమువంటి, చెక్కిలివంటి నున్నని తలములమీద. కుక్క యొడలు నున్నని తలము కాదు. లక్షల వెండ్రుకల అల్లిక. ఆ యల్లికలో 400 ఫిలిం గ్రెయిను కలిసిపోయి, 8 అంగుళములకు 10 అంగుళముల ప్రింటులో వెదకినవానికి తప్ప కనబడదు. వెండ్రుకలను లెక్కింపగోరువారు ఈ సంగతి మరచుచున్నారు: వెండ్రుక చెరుగునది గ్రెయినుచేత కంటె ముందుగా కదలికచేత. చెదరిన వెండ్రుకను సన్నని గ్రెయినుతో అచ్చొత్తినచో లభించునది మిక్కిలి నాణ్యమైన మసక. 1928లో పారిస్‌లో పుట్టి 2023లో కీర్తిశేషుడైన ఎలియట్ ఎర్విట్ జీవితమంతయు వీథికుక్కలను, పెంపుడుకుక్కలను నలుపు తెలుపులలో తీసినాడు. 1974లో న్యూయార్కున కెమెరాను నేలమట్టమునకు దింపి, యజమానురాలి బూట్ల ప్రక్క టోపీ పెట్టుకొన్న చిరుకుక్కను ఆయన తీసిన బొమ్మను చూచినవారిలో గ్రెయినును గూర్చి ఫిర్యాదు చేసినవానిని నేనెరుగను.

ఇక నల్లకుక్క. ఈ విషయమున ప్రచలితమతము చేసినంత హాని మరెచ్చటను చేయలేదు. ఎండలోని నల్లకుక్క అనగా రెండు విపరీతములు ఒక్క ఫ్రేములో కూడినవన్నమాట: వీపున నూనె పూసినట్లు మెరయు తెల్లని చారలు, తక్కిన యొడలంతయు అడుగు కానరాని చీకటి. స్లైడుఫిలిం ఈ రెంటిని ఏకకాలమున మోయజాలదు. అర్ధస్టాపు తప్పినను క్షమింపదు. మీదుమిక్కిలి, మీటరు సంగతి. మీటరు ఏ వస్తువును చూచినను దానిని వెలుగులో నూటికి 18 పాళ్లు ప్రతిఫలించు బూడిదవన్నెగా నెంచును. నల్లని బొచ్చుమీదికి త్రిప్పినచో వెలుగు చాలలేదని మొరపెట్టి, రెండు స్టాపులవరకు ఎక్కువ యిమ్మనును. కావున నల్లకుక్కకు మీటరు చెప్పినదానికన్న రెండు స్టాపులు తగ్గింపుమని పెద్దలు బోధింతురు. స్లైడునకు ఈ బోధ సరియే. ఆ మాటనే నెగెటివ్ ఫిలిమునకును చెప్పుట శుద్ధ తప్పు. మన డార్క్‌రూములలో కుక్కరూపమున నున్న నల్లని రంధ్రములు ఎన్నియో దాని ఫలములే. నెగెటివ్‌నకు ఒక స్టాపు ఎక్కువైన నష్టము స్వల్పము. ప్రింటు వేయునప్పుడు దానిని దిద్దుకొనవచ్చును. ఒక స్టాపు తక్కువైనచో చీకటిభాగమున ఫిలిం ఏమియు గ్రహింపదు. గ్రహింపనిదానిని ఏ రసాయనమును వెలికితీయలేదు. కడుగునప్పుడు సమయము పొడిగించినచో వచ్చునని కొందరు ధైర్యము చెప్పుదురు. పొడిగించిన కొలది తెల్లనిభాగములే మరింత దట్టమగును గాని నల్లని బొచ్చులో లేని వెండ్రుక మొలవదు. కావున నల్లకుక్కను నీడలో నిలిపి, 400 నెగెటివ్ ఫిలిమును 200గా నెంచి, మీటరును బొచ్చుమీదికి గాక, అదే నీడలో పట్టిన యరచేతిమీదికి త్రిప్పి, అరచేయి బూడిదవన్నెకన్న తేటయైనది గనుక ఒక స్టాపు కలుపుకొని తీయవలెను. అప్పుడు ఆకాశపు వెలుగు బొచ్చుమీద విశాలమైన మెత్తని మెరుపుగా పరచుకొని, ప్రక్కటెముకల వంపును, మెడకండరములను చదివి చెప్పును.

తెల్లకుక్కకు విపరీతమైన జబ్బు. తమిళదేశపు రాజపాళెపు కుక్కను ఎండలో స్లైడుమీద తీసినచో ఒడలంతయు సున్నము కొట్టిన గోడ యగును. మీటరును నమ్మినచో బూడిదకుక్క యగును. అరచేతి కొలతయే దీనికిని మందు. అయితే స్లో స్లైడుఫిలిమున కంటూ ఒక న్యాయమైన తావు ఉన్నదన్న, అది తెల్లని, ఓపికగల కుక్కను, మబ్బుపట్టిన యుదయమున తీయువాని చేతిలోనని ఒప్పుకొందును.

మన యూళ్లలో ఎక్కువగా కనబడునవి గోధుమవన్నె, ఎర్రమట్టివన్నె కుక్కలు. కొల్లేటిప్రాంతమున బాతుల మందలను కాచిన జోనంగి జాతిలోను ఈ వన్నెలు కలవు, దాని బొచ్చు పొట్టిది, ఒంటికి అంటియుండునది. ఎరుపును చూడజాలని పూర్వపు ఆర్థోక్రొమాటిక్ ఫిలిం ఈ కుక్కలను ఉన్నదానికన్న నల్లగా చూపెడిది. పాన్‌క్రొమాటిక్ ఫిలిం వచ్చినతరువాత ఆ బాధ తీరినది. పసుపుపచ్చ ఫిల్టరు తగిలించినచో ఈ వన్నె ఇంకను కొంత విచ్చుకొనును. అందులకు పోవునది ఒక స్టాపు, 400 ఫిలిం దానిని భరించును.

నీడ యన్నంతనే చెట్టునీడ యని అర్థము చేసికొనువారికి ఒక హెచ్చరిక. వేపచెట్టు క్రింద ఆకుల సందులనుండి జారు ఎండమచ్చలు కుక్కను చిరుతపులిగా మార్చును. ఎండకన్నను అవి హీనము. చిక్కని చెట్టునీడలో ఆకుపచ్చ వెలుగు క్రిందినుండి ప్రాకి తెల్లకుక్క కడుపును పచ్చబరచును. ఇంటి తూర్పుగోడకు సాయంకాలము, పడమటి గోడకు ఉదయము పడు నీడ, వసారా అంచు, పెద్ద మండపపు ముఖద్వారము, వీనియందు ముందు ఆకాశము తెరచియుండి వెలుగు ఒక దిక్కునుండి వచ్చును. గోడనీడలోని వెలుగు నీలిపాలు ఎక్కువైనది. రంగుల నెగెటివ్‌లో ప్రింటు వేయునప్పుడు దిద్దవచ్చును గాని స్లైడునకు ముందుగానే నులివెచ్చని ఫిల్టరు తొడుగవలసియుండును. గడ్డముక్రింద ఇంకను చీకటిగా నున్నచో తెల్లని పంచెనొకదానిని ముందు పరచిన చాలును; కుక్క వచ్చి దానిమీదనే పండుకొనకుండ చూచుకొనుట వేరొక విద్య.

ఎండలోనే తీసి, నీడపడిన మొగమును ఫ్లాషుతో వెలిగింపరాదా యని అడుగువారు కలరు. వస్త్రపు తెరగల పాత షట్టరు కెమెరాలలో ఫ్లాషుతో కలియు గరిష్ఠవేగము సాధారణముగా సెకండులో 60వ వంతు. కుక్క కదలినప్పుడు ఫ్లాషు వెలుగు ఒక స్పష్టరూపమును, ఎండ వెలుగు దానిచుట్టు ఒక మసకరూపమును అచ్చొత్తి, రెండు కుక్కల దయ్యమును చూపును. సందెవేళ పాపలు విచ్చియున్నప్పుడు, కుక్కకంటి వెనుకనున్న ప్రతిఫలించు పొర ఆ వెలుగును పచ్చని జ్వాలగా తిప్పికొట్టును. ఎన్నటికైనను కుక్క కోరుకొను వెలుగు అది కాదు.

ఎడ్వర్డ్ మైబ్రిడ్జ్ 1887లో ప్రకటించిన జంతుచలన చిత్రమాలికలలో కుక్కల పరుగులును కలవనియు, అవి ఎండలో తీసినవే యనియు ప్రతివాదులు చెప్పవచ్చును. నిజమే. అవి ఏ కాలు ఎప్పుడు నేలను వదలునో తెలియగోరిన శాస్త్రపరిశోధనము. ఆ కుక్క యే తలపులో నున్నదో ఆ చిత్రములు తెలుపబూనలేదు. పరుగును మాత్రమే పట్టవలెనన్న నేనును ఎండకు ఒప్పుకొందును, అయితే ఉదయపు టెండకు, అదియు వీపున గాక ప్రక్కనుండి గాని వెనుకనుండి గాని వచ్చినదానికి. అప్పుడు బొచ్చు అంచు వెలుగుతీగెవలె మెరయును, కన్నులు చికిలింపవు, లెన్సుపై యెండ పడకుండ అరచేయి అడ్డుపెట్టినచో మసకయు రాదు. 400 ఫిలిం ఎండకు మితిమీరిన వేగమగునన్న యాక్షేపమును అప్పటికి వర్తించదు; సెకండులో వేయవ వంతునకు తగినంతయే వెలుగుండును, పరుగునకు కావలసినదియు అదియే.

ఖర్చు మాట యొకటి మిగిలినది. ఫిలిం రీలు వెల నేడు హెచ్చినది, 36 బొమ్మలలో ఒక్కటియు వ్యర్థము చేయజాలమని స్లో ఫిలిం వాదులు మొరపెట్టుదురు. వ్యర్థమైన బొమ్మలను వారు ఒకపరి బల్లమీద పరచి కారణములు చూచుకొందురుగాక! కదలినవి, కన్నులు మూసినవి, నాలుక వ్రేలవేసినవి, నలుపులో మునిగినవి ఎక్కువో, గ్రెయిను మించినందున పారవేసినవి ఎక్కువో వారికే తేలును. నిద్రించుచున్న కుక్కను తీయునప్పుడు మాత్రము స్లో ఫిలిం వాడుకొనుటకు నాకు ఆక్షేపణ లేదు. అదియైనను గోడనీడలో, మూడుకాళ్ల స్టాండుమీద, కుక్క లేవకముందే.